మిస్డ్ కాల్‌కి తిరిగి చెయ్యకూడని ఊరు

బయల్దేరే ముందు

హైదరాబాదు వెళ్ళొచ్చినవాళ్ళు చార్మినారు చూశామంటారు, ట్యాంక్‌బండ్ చూశామంటారు. నేను ఈసారి ఆ రెండూ చూడలేదు. తార్నాక చౌరస్తా, దాని పక్కన యూనివర్సిటీ, మా చెల్లెలి ఇంటి బాల్కనీ, ఇంతే నా యాత్ర. అయినా బాపట్లలో మా వీధివాళ్ళు నేనేదో యుద్ధభూమికి వెళ్ళొచ్చినట్టు ఇంకా అడుగుతూనే ఉన్నారు కాబట్టి, అందరికీ ఒకేసారి చెప్పేద్దామని రాస్తున్నాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులివి. మా చెల్లెలు సుగుణ పెళ్ళయినప్పటి నుంచీ తార్నాకలోనే ఉంటోంది. మా మరిది ప్రభాకర్ అక్కడొక పరిశోధన సంస్థలో గుమాస్తా. వాళ్ళమ్మాయి గ్రేస్ ఆ యూనివర్సిటీలోనే ఎమ్మే చదువుతోంది. గ్రేసుకి ఒంగోలు సంబంధం కుదిరింది. శనివారం తార్నాక చర్చిలో ప్రధానం. అంతా అనుకున్నాక అబ్బాయి తండ్రి రత్నంగారికి టీవీ చూసే తీరిక దొరికింది. పొద్దస్తమానం యూనివర్సిటీ, పొగ, లాఠీలు. "ఆ ఊళ్ళో నేను అడుగుపెట్టను, ప్రధానం ఒంగోల్లోనే చేద్దాం" అన్నారు.

సుగుణ ఫోనులో ఏడ్చింది. "ఇన్నేళ్ళు కాపురం చేసిన ఊరక్కా. పిల్ల స్నేహితులంతా ఇక్కడే ఉన్నారు. మా ఊరు శుభకార్యానికి పనికిరాదంటే నాకెలా ఉంటుంది?"

చివరికి రత్నంగారు ఒక మెట్టు దిగారు. పిల్ల పెద్దమ్మ, అంటే నేను, ముందుగా వెళ్ళి కళ్ళారా చూడాలి. శుక్రవారం సాయంత్రానికి నా మాట చెప్పాలి. నేను మిషన్ స్కూల్లో టీచర్ని, అబద్ధం ఆడనని ఆయన నమ్మకం. రమ్మంటే వస్తారు, వద్దంటే ప్రధానం ఒంగోలుకి మారుతుంది. అలా నేను రాయబారినయ్యాను.

సికింద్రాబాదు స్టేషను

మా ఎదురింటి సరోజిని నాకొక సలహా ఇచ్చింది. "అక్కడ మన మాట వింటే ఆంధ్రావాళ్ళమని కనిపెట్టేస్తారట వదినా. నోరు విప్పకు." నవ్వేశాను గానీ, స్టేషను బయట అడుగుపెట్టగానే ఆ మాటే గుర్తొచ్చింది. ఆటో అబ్బాయి "ఏడికి పోవాలె అమ్మా?" అంటే, అడ్రసు రాసుకున్న కాగితం చేతికిచ్చి ఊరుకున్నాను.

అతను కాగితం చదివాడు, నా మొహం చూశాడు. పాపం అన్నట్టు తలూపి, సంచీ తనే ఎత్తి ఆటోలో పెట్టాడు. దారిపొడుగునా నాతో సైగలతోనే మాట్లాడాడు. చిలకలగూడ దాటాక చెయ్యి చాపి, అటు వారాసిగూడ అని పెదాలు సాగదీసి చూపించాడు. నేను తలూపాను. సిగ్నల్ దగ్గర పక్క ఆటోవాడితో "మూగామె రా, ఒక్కతే వచ్చింది, హిమ్మత్ చూడు" అంటుంటే సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోరు విప్పలేదు.

తార్నాకలో దిగాక వేళ్ళతో డెబ్బై చూపించాడు. అంతే, నాలోని బాపట్ల నిద్రలేచింది.

"డెబ్బయ్యా! మా చెల్లెలు యాభై అని చెప్పిందే!"

ఆటో అబ్బాయి గుండె మీద చెయ్యేసుకున్నాడు. "వామ్మో, మీకు మాటలొస్తయా అమ్మా! మరి ఇంతసేపు ఏమైంది?"

దాచి లాభం లేదని ఉన్నది చెప్పేశాను. అతను హ్యాండిల్ మీద తల ఆనించి మరీ నవ్వాడు. "మాకు రాష్ట్రం గావాలె గానీ మీ నాలుక గాదు. యాభయ్యే ఇయ్యుండ్రి." సరోజినికి ఇరవై రూపాయల లాభం చూపించొచ్చు గానీ, పరువు సంగతి మాత్రం చెప్పలేదు.

చెల్లెలి ఇల్లు

సుగుణ వాళ్ళది మూడో అంతస్తు. బాల్కనీలోంచి చూస్తే ఆరేసిన బట్టలు, కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటి వెనక యూనివర్సిటీ చెట్లు కనిపిస్తాయి. హాల్లో టీవీ మోగుతోంది. అందులోనూ అదే యూనివర్సిటీ. టైరు ఒకటి తగలబడుతోంది. కాసేపటికి మళ్ళీ అదే టైరు, దాని పక్కన అదే కుక్క. ఆ కుక్క ఎన్నిసార్లు పరుగెత్తిందో దానికైనా తెలుసో లేదో.

సాయంత్రం నేనూ సుగుణా కూరగాయలకి వెళ్ళాం. బండి దగ్గర కొత్తిమీర బేరమాడుతుంటే ఒంగోలు నుంచి ఫోను.

"చెల్లెమ్మగారూ, తార్నాకలో ఉద్రిక్తత అని స్క్రోలింగ్ వస్తోంది. ఎక్కడున్నారు?"

"తార్నాకలోనే ఉన్నానండీ అన్నయ్యగారూ. కట్ట ఐదు రూపాయలంటున్నాడు, అదొక్కటే ఉద్రిక్తత."

ఆయన నవ్వలేదు.

అలాగని టీవీ చెప్పేదంతా అబద్ధమనను. మర్నాడు పొద్దున యూనివర్సిటీ గేటు వైపు నుంచి టపటపమని శబ్దం వచ్చింది. గాలి ఇటు తిరగ్గానే కళ్ళు భగ్గుమన్నాయి. బాష్పవాయువు. సుగుణ తలుపులు మూసి, తడిగుడ్డలు చేతికిచ్చింది, మనం పొయ్యి మీది పాలు దించినంత మామూలుగా. "మాణికేశ్వర్ నగర్ వాళ్ళకి ఇంకా ఎక్కువ వస్తుందక్కా, క్యాంపస్ గోడ అవతలే కదా వాళ్ళు" అంది. ఆ పూట నాకు నిజంగా భయమేసింది. రత్నంగారికి వద్దనే చెప్పాలనుకున్నాను.

క్యాంపస్

ఆ భయంతోనే ఉన్న నన్ను గ్రేస్ చెయ్యి పట్టుకుని క్యాంపస్‌కి లాక్కెళ్ళింది. "పెద్దమ్మా, చూడకుండా వద్దని చెప్పావంటే నేను ఊరుకోను."

గేటు దగ్గర ఇనుప కంచె, పోలీసులు. లోపలికి వెళితే నీడనిచ్చే రోడ్లు, రాతి కట్టడాలు, పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతున్న కుర్రాళ్ళు. ఆర్ట్స్ కాలేజీ ఎదుట కానుగ చెట్ల కింద చాయ్ బండి దగ్గర గ్రేస్ స్నేహితురాలు స్వరూప మాకోసం చూస్తోంది. వరంగల్ వైపు పిల్ల, పరిశోధన చేస్తోంది. బక్కపలచగా ఉంది గానీ గొంతు మాత్రం కంచు. చేతిలో రెండు ఫోన్లు.

"రెండెందుకమ్మా?" అనడిగాను.

"ఒకటి నాది ఆంటీ. ఇంకోటి కమిటీది. అది ఎవ్వరం ఎత్తం."

"ఎత్తని ఫోను ఎందుకు మరి?"

అప్పుడు చెప్పింది. విద్యార్థుల కమిటీ రేపేం చెయ్యాలనుకుంటోందో మెసేజ్ పంపుతుంది. అది హాస్టళ్ళన్నీ తిరుగుతుంది, ఒకరు పదిమందికి పంపితే ఆ పదిమంది ఇంకో పదిమందికి. నచ్చినవాళ్ళు ఆ ఫోనుకి మిస్డ్ కాల్ ఇస్తారు. నచ్చనివాళ్ళు ఊరుకుంటారు. సాయంత్రం ఎన్ని వచ్చాయో చూసుకుని ఖాయం చేస్తారు.

"మెసేజ్‌కు పైసలైతయి. మిస్డ్ కాల్‌కు గావు. జేబుల రూపాయి లేనోడు గూడ చెయ్యెత్తాలె గద ఆంటీ."

నాకు భలే ముచ్చటేసింది. మా కాలంలో చెయ్యెత్తాలంటే మీటింగుకి వెళ్ళాలి, వెళ్ళినా ఆడపిల్లలు వెనక వరసలో కూర్చోవాలి. ఇప్పుడు హాస్టల్ మంచం మీద పడుకున్న పిల్ల కూడా చెయ్యెత్తుతోంది. మా బాపట్లలో మాత్రం మిస్డ్ కాల్ అంటే ఒకటే అర్థం: నా దగ్గర బ్యాలెన్సు లేదు, మీరే చెయ్యండి. పిల్లలు, పాలవాడు, పాస్టరమ్మగారు, ఎవరిచ్చినా తిరిగి చెయ్యకపోతే మర్యాద కాదు.

రాష్ట్రం గురించి కూడా స్వరూపా నేనూ మాట్లాడుకున్నాం. గట్టిగానే. కలిసుంటే ఏం నష్టమన్నాను. ఎవరికి లాభమో చెప్పమంది. రెండు చాయ్‌లు అయిపోయినా ఎవరం తగ్గలేదు. లేచేటప్పుడు స్టీలు గిన్నె మూత తీసి, వాళ్ళమ్మ ఊరి నుంచి పంపిన సర్వపిండి నా చేతిలో పెట్టింది. బియ్యప్పిండి, శనగపప్పు, నువ్వులు కలిపి గిన్నెకి ఒత్తి కాల్చినది. మన తపేలా రొట్టెకి అక్కలాంటిది, కాకపోతే కారం గల అక్క.

"ఒక్క మాట ఆంటీ" అంది చివర్లో, గ్రేస్ వైపు చూడకుండా. "శనివారం తార్నాక చౌరస్తాల వంటావార్పు అనుకుంటున్నం. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వండుకునుడు. రేపు మెసేజ్ పోతది."

గ్రేస్ మొహం పాలిపోయింది. ఒంగోలు వ్యాను వచ్చేది ఆ చౌరస్తా మీదుగానే.

"మార్చకూడదా తల్లీ?" అన్నాను.

"నేనొక్కదాన్నే మారిస్తె ఎట్ల ఆంటీ? అందరు చెయ్యెత్తేటిది గద."

ఫోను మోగిన రోజు

శుక్రవారం పొద్దున స్వరూప సుగుణ ఇంటికి వచ్చింది. హాస్టల్లో కరెంటు తీసేశారు, ఫోను చార్జింగు పెట్టుకోవాలి. మెసేజ్ అప్పటికే వెళ్ళిపోయింది. నాకు ఫోను అప్పజెప్పి క్లాసుకి వెళుతూ "మోగనీయుండ్రి ఆంటీ, ఎత్తకుండ్రి. ఎత్తితే పోరగాళ్ళ పైసలు కట్ అయితయి" అంది.

నేను ఎత్తలేదు. ఒట్టు. మోగింది, ఆగింది. మళ్ళీ మోగింది, ఆగింది. అది చెయ్యెత్తడమని బుర్రకి తెలుసు. కానీ ఇన్నాళ్ళ అలవాటు ముందు బుర్ర ఎంత? ఎవరో పిల్లాడు బ్యాలెన్సు లేక పిలుస్తున్నాడేమో, ఏ అవసరమో అని మనసు కొట్టుకుంటోంది. ఎత్తొద్దంది గానీ తిరిగి చెయ్యొద్దని అనలేదు కదా. పచ్చ మీట నొక్కాను.

"హలో, మిస్డ్ కాల్ ఇచ్చావు బాబూ, ఏం కావాలి?"

"ఎవరు మీరు?"

"నేను ఆంటీని. నువ్వు తిన్నావా?"

అది సిద్దిపేట పిల్లాడట. మెస్సు మూసేశారట, తినలేదట. పొద్దున్నే ఉత్త కడుపుతో ఉండకూడదని చెప్పాను. ఇంకొకడికి చేశాను, ఆదిలాబాద్. వాడికి జలుబు, మిరియాల కషాయం చెప్పాను. ఒక అమ్మాయి మా అమ్మలా మాట్లాడుతున్నారంది. పనిలో పనిగా రేపు మా పిల్ల ప్రధానమని కూడా అందరికీ చెప్పాను. అలా బ్యాలెన్సు అయిపోయేదాకా సాగింది.

నేను మాట్లాడినంతసేపూ లైను ఎంగేజ్. చెయ్యెత్తాలనుకున్నవాళ్ళ కాల్ ఒక్కటీ పడలేదు. ఆ ఆలోచనే నాకు రాలేదు.

మధ్యాహ్నం గ్రేస్ ఫోనుకి ఒక మెసేజ్ వచ్చింది. చదివి నాకు చూపించింది. "మన నంబర్ ఆంధ్ర ఆమె చేతుల పడ్డది. ఎవరు మిస్డ్ కాల్ ఇయ్యకుండ్రి. అందరికి పంపుండ్రి." అందరూ అందరికీ పంపుతున్నారు. ఆ వెనకే స్వరూప పరుగెత్తుకొచ్చింది, మొహమంతా చెమట.

"ఏం చేసిన్రు ఆంటీ! నేనే మీకు ఫోన్ అమ్ముకున్ననంట. నన్ను కమిటీల నుంచి తీసేయమంటున్రు."

ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సరిగ్గా అప్పుడే టీవీలో స్క్రోలింగ్: "విద్యార్థుల ఫోన్లలో అజ్ఞాత మహిళ. కుట్ర కోణంపై అనుమానాలు." దాని మీద మళ్ళీ ఆ టైరు, ఆ కుక్క.

నా ఫోను మోగింది. ఒంగోలు.

"చెల్లెమ్మగారూ, సాయంత్రం దాకా ఆగక్కర్లేదు. ఎవరో ఆడమనిషి కుట్ర చేసి పిల్లల ఫోన్లు పట్టేసిందట. మేం రావడం లేదు."

"కాసేపు ఆగండి అన్నయ్యగారూ. సాయంత్రం అన్నారు, సాయంత్రమే చెబుతాను" అని పెట్టేశాను. ముందు స్వరూప పని చూడాలి.

ఆర్ట్స్ కాలేజీ మెట్లు

స్వరూప వద్దంటున్నా ఆమెతోనే వెళ్ళాను. మెట్ల మీద కమిటీ కుర్రాళ్ళు, చుట్టూ ఇంకా చాలామంది. అందరూ ఒకేసారి అరుస్తున్నారు. వాళ్ళ నాయకుడు, గడ్డం అబ్బాయి, "ఏ ఊరు మీది?" అన్నాడు. ఈసారి కాగితం చూపించలేదు.

"బాపట్ల నాయనా. స్వరూప తప్పేం లేదు. ఎత్తొద్దంది, ఎత్తలేదు. మా ఊళ్ళో మిస్డ్ కాల్‌కి తిరిగి చెయ్యకపోతే తప్పు. మీ ఊళ్ళో చేస్తే తప్పని ఇప్పుడు తెలిసింది. అనాల్సిందేదో నన్ను అనండి."

అంతలో వెనక నుంచి ఒక గొంతు: "అన్నా, గీ ఆంటీయే! నన్ను తిన్నవా అని అడిగింది!"

"నాకు మిరియాల కషాయం చెప్పింది!" అన్నాడు ముక్కు ఎర్రగా ఉన్నవాడు.

నవ్వు ఆ మూల మొదలై మెట్లన్నీ ఎక్కింది. గడ్డం అబ్బాయి నవ్వొద్దని చాలా ప్రయత్నించి ఓడిపోయాడు. "కుట్ర అంటే గిదా! మా అమ్మ గూడ గిదే కుట్ర చేస్తది." స్వరూప నా భుజం మీద తల పెట్టి ఏడుస్తూ నవ్వింది.

ఫోను లెక్క పనికిరాదు కాబట్టి, అక్కడికక్కడే నిజంగా చేతులెత్తారు. నా కోసం చౌరస్తా మారుస్తారేమోనని ఒక మూల ఆశ పడ్డాను. మార్చలేదు. చేతులన్నీ తార్నాక చౌరస్తాకే లేచాయి. స్వరూప కూడా ఎత్తింది, నా వైపు చూసే ఎత్తింది. అది చూసి నాకు కోపం రాలేదు, ఎందుకో గౌరవమే కలిగింది.

"పెండ్లి బండ్లు, అంబులెన్సులు మేమెప్పుడు ఆపం ఆంటీ" అన్నాడు గడ్డం అబ్బాయి. "రమ్మనుండ్రి. మా దగ్గర తినే పోవాలె, గంతే."

ఆ మెట్ల మీద నుంచే రత్నంగారికి చేశాను.

"అన్నయ్యగారూ, ఆ అజ్ఞాత మహిళని నేనే."

జరిగిందంతా చెప్పాను. పొగ వచ్చింది, కళ్ళు మండాయి, అదీ చెప్పాను. రేపు దారిలో పొయ్యిలుంటాయనీ చెప్పాను. అవతల వినిపించిన శబ్దం దగ్గనుకున్నాను, నవ్వట.

"మా ఆవిడ పొద్దుట్నుంచీ ఆ అజ్ఞాత మహిళ దొరకాలని ప్రార్థన చేస్తోందండీ" అన్నారు. "అయితే రమ్మంటారా?"

"టీవీ కట్టేసి వ్యానెక్కండి."

చౌరస్తాలో వంట

శనివారం తార్నాక చౌరస్తా పెద్ద వంటిల్లయింది. నడిరోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు, గుండిగల్లో బగారన్నం, పక్కన వంకాయ కూర. మాణికేశ్వర్ నగర్ ఆడవాళ్ళు కొంగులు దోపి గరిటెలు తిప్పుతున్నారు. ఒకామె నన్ను చూసి "గా ఫోనామె గీమెనే" అని పక్కామెకి చూపించింది. ఉల్లిపాయలు తరగమని కత్తిపీట ముందు కూర్చోబెట్టారు. నా జీవితంలో నేను పాల్గొన్న ఏకైక ఉద్యమం ఆ ఉల్లిపాయలే. ఏ వైపు తరిగానని అడగొద్దు.

ఒంగోలు వ్యాను వచ్చి ఆగింది. ముందు సీట్లో రత్నంగారు పెదాలు బిగించి కూర్చున్నారు. స్వరూప కిటికీ దగ్గరికి వెళ్ళి "మంచిగ వచ్చిన్రా అంకుల్?" అంటే తలూపారు. "నీళ్ళు గావాల్నా?" తలూపారు. నాకు అర్థమైంది. ఒంగోల్లోనూ ఒక సరోజిని ఉంది.

"నోరు విప్పొచ్చండీ అన్నయ్యగారూ, నేను ముందే విప్పి చూశాను" అన్నాను.

ఆయన కిందికి దిగారు. విస్తరి చేతిలో పెట్టారు. కెమెరావాళ్ళు అటే తిరిగారు. బగారన్నం రెండు ముద్దలు దిగాయో లేదో ఆయన ఫోను మోగింది. ఒంగోలు నుంచి తమ్ముడు, వీధంతా వినిపించే గొంతు: "అన్నయ్యా, తార్నాకలో వాహనాల అడ్డగింత అని నిన్నే చూపిస్తున్నారు! ఏం చేస్తున్నారు నిన్ను?"

రత్నంగారు నోట్లో ముద్ద మింగి, తీరిగ్గా చెప్పారు. "వంకాయ కూర ఇంకొంచెం వేస్తున్నార్రా."

ఆ సాయంత్రం ప్రధానం చక్కగా జరిగింది. పాస్టరు అయ్యగారు ప్రార్థన కొంచెం పొడుగే చేశారు. గ్రేస్ వెనక వరసలన్నీ క్యాంపస్ పిల్లలే, స్వరూప ముందు వరసలో. సిద్దిపేట పిల్లాడు నన్ను వెతుక్కుని వచ్చి "తిన్న ఆంటీ" అని చెప్పి మరీ వెళ్ళాడు. సుగుణ ఆ రోజంతా ఎవరు పలకరించినా నవ్వుతూనే ఉంది. ఇన్నేళ్ళ కాపురానికి ఆ పూట సాక్ష్యం దొరికినట్టు ఉందక్కా అంది. నాకు కడుపు నిండిపోయింది.

బాపట్ల

రైలెక్కించడానికి స్వరూప కూడా వచ్చింది. రాష్ట్రం సంగతి ప్లాట్‌ఫారం మీద మళ్ళీ మొదలుపెట్టాం, మళ్ళీ ఎవరం తగ్గలేదు. రైలు కదిలేటప్పుడు కిటికీ పట్టుకుని అంది: "టీవీల మా క్యాంపస్ కనబడితె పరేషాన్ గాకుండ్రి ఆంటీ. మిస్డ్ కాల్ ఇస్త. ఇస్తే మంచిగున్నట్టు."

నేనొచ్చి కొన్నాళ్ళయింది. మొన్న సరోజిని పరుగెత్తుకొచ్చి మా టీవీ పెట్టింది. యూనివర్సిటీ గేటు, పొగ, పిల్లల్ని ఈడ్చుకెళుతున్న పోలీసులు. ఈసారి కుక్క లేదు, అంతా కొత్త దృశ్యాలే. ఫోను తెచ్చి చేతిలో పెట్టుకున్నాను. సరోజిని ఏదేదో అంటోంది, నాకేమీ వినిపించడం లేదు.

ఫోను ఒక్కసారి మోగి, ఆగిపోయింది. స్వరూప నంబరు.

"మిస్డ్ కాల్ వదినా! తిరిగి చెయ్యవే, ఏ ఆపదో ఏమో!" అంది సరోజిని.

"అక్కర్లేదు" అన్నాను. కళ్ళు తుడుచుకుని టీ పెట్టడానికి లేచాను.